జానెడు మీద రెండు వేళ్ళు

తిరునాళ్ళకింకా తొమ్మిది రోజులు.
నవదిన జపాలు మొదలయ్యే పొద్దున
గుణదల కొండ మీద నా సంచీ దింపాను:
రెండు ఉలులు, ఒక సుత్తి, తూకం గుండు,
మా తాత వాడిన మూరకర్ర.

ఇంజనీరుగారు సుద్దముక్కతో గీత గీసి చెప్పారు:
"బాలశౌరీ, ఈ మెట్టొక్కటీ ఎత్తుంది.
ఏటా ఇక్కడే తట్టుకుంటున్నారు జనం.
చెక్కెయ్."

కూర్చుని కొలిచాను.
మిగతావన్నీ జానెడు.
ఇది జానెడు మీద రెండు వేళ్ళు.

ఈ మెట్టు మా తాతది.
పేరు రాయప్ప.
పేతురును మన పెద్దలు ఏనాడో రాయప్పను చేశారు,
మేస్త్రీ కొడుక్కి ఆ పేరు పెట్టాక
ఇక వేరే పని వెతుక్కోవడమెందుకు?

అప్పుడీ కొండకు దారి లేదు.
ముళ్ళపొదలు, తేళ్ళు, మేకల కాలిబాట.
రాతి గూట్లో ఇంతంత స్వరూపం,
దాని ముందు ప్రమిదలో ఆముదం దీపం.
అమ్మ ఎలా వచ్చిందో మా ఇంట్లోనే రెండు కథలు:
ఓడ దిగి రైలెక్కి వచ్చిందని తాత,
"కాదు, ముందే ఉంది, మనకే కనపళ్ళేదు" అని నాయనమ్మ జోజమ్మ.
నేను రెండూ నమ్ముతాను,
సున్నాన్నీ సిమెంటునీ నమ్మినట్టు.

సున్నం ఏలూరు కాలువ మీద పడవలో వచ్చేదట.
గానుగలో ఇసుకతో తిప్పి
బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం పోసి
మూడు రోజులు నానబెడితే గానీ
రాయి రాయిని పట్టుకునేది కాదట.
బెల్లం వాసనకు పిల్లలు వేళ్ళు ముంచి
నాలుకలు కాల్చుకునేవాళ్ళట.
కొండకొసకు ఇనుప సిలువ ముక్కలుగా ఎక్కింది,
ఒక్కో ముక్క కింద ఆరుగురు.
తాత భుజం మీద కాయ
చచ్చేదాకా కరగలేదు.
చిన్నప్పుడు దాన్ని నొక్కి చూసేవాణ్ణి.

కింద పెద్ద గుడి, గంట, రంగుటద్దాల కిటికీలు,
తలనీలాల షెడ్డు, కొబ్బరికాయల గుట్టలు,
మైకులు, రేకుల పందిళ్ళు,
ఇవన్నీ తర్వాతి సంగతులు.
ఏ గుడైనా కింద నుంచి పైకి పెరుగుతుంది.
ఇది ఊడలాగా పైనుంచి కిందికి దిగింది:
ముందు ఒక గూడు,
గూటి దాకా మెట్లు,
ఆ తర్వాతే గోడలు.

మరి ఈ రెండు వేళ్ళు?
ఇక్కడ తాతకు దర్శనమైందని పెదనాన్న.
అలిసినవాళ్ళు ఒక్క క్షణం ఆగాలని
కావాలనే పెట్టాడని మేనత్త.
నాయనమ్మ మాత్రం చేట చెరుగుతూ అంది:
"దర్శనమా వంకాయా!
చలిజ్వరం. వణికే చేత్తో కొలిచాడు.
సాయంత్రం చూసుకునేసరికి సున్నం పట్టేసింది.
తీస్తే పక్క మెట్టు కూడా పగులుద్ది.
ఆ రోజు కూలి తీసుకోలా మీ తాత."

ఉలి మొన రాతికి ఆనించాను.

అప్పుడే ఒక ముసలామె,
నుదుట రూపాయంత బొట్టు, చేతిలో కొవ్వొత్తి,
ఎక్కుతూ బొటనవేలు తగిలించుకుని
"అమ్మా!" అంది.
వెనక పూలబుట్ట కుర్రాడు.
వాడి వెనక ఫోనులో ఎవరినో కసురుతున్న తెల్లచొక్కా మనిషి.
అదే చోట, అదే మాట.
జపమాల చేతిలో ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ,
పైన గుహలో ఎవరున్నారో తెలిసినవాళ్ళూ,
ఊరికే గాలికోసం వచ్చినవాళ్ళూ.
మధ్యాహ్నం దాకా లెక్కపెట్టాను, నూట పదకొండు.
ఒకడు మాత్రం బూతు తిట్టాడు.
అందులోనూ అమ్మే ఉంది.

ఉలి సంచీలో పెట్టేశాను.
కిందికి పోయి పసుప్పచ్చ రంగు డబ్బా కొనుక్కొచ్చి
మెట్టంచుకు పట్టీ వేశాను,
చూపున్నవాళ్ళకు కనపడేలా.

"చెక్కలేదేం?" అన్నారు ఇంజనీరుగారు.
"చెక్కితే పక్క మెట్టు పగులుద్దండి" అన్నాను.

కూలి తీసుకున్నాను, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి.
రంగు డబ్బా డబ్బులు మాత్రం
అడగలేదు.