అరవై ఒకటో నంబరు

కొండదారి దీపాలు ఆరకముందే
షెడ్డు తలుపు తీస్తుంది చెంగమ్మ.
తొంభై ఆరు పంజరాలు, నాలుగు వరసలు,
వరసకొక నూనె.
మొదటిదానికి శెనక్కాయ నూనె,
రెండోదానికి పామాయిలు,
మూడోదానికి అవిసె, చివరిదానికి చేప.
కోళ్లకి ఈ లెక్కలేవీ పట్టవు.
తొట్టిలో దాణా గలగలమంటే
తొంభై ఆరు మెడలు ఒక్కసారే వంగుతాయి.

నా పని గుడ్డు పగిలాక మొదలవుతుంది.
తెల్లసొన జారవిడిచి
పచ్చసొనని వడపోత కాగితం మీద మెల్లగా దొర్లిస్తాను,
నీళ్లు పోసిన బిడ్డకి తల తుడిచినట్టు.
ఆపైన క్లోరోఫాం, ఆపైన మిషను,
ఆపైన కాగితం మీద కొండలు,
ఒక్కో కొవ్వుకి ఒక్కో శిఖరం.

పదిహేడేళ్లుగా చూస్తున్నా.
కొవ్వు ఎంత అంటే, ఏ నూనె పోసినా
ఇంచుమించు అంతే.
ఎటువంటిది అంటే
అది తిన్నదాని మీదుంటుంది.
కొన్ని శిఖరాలు మాత్రం దేనికీ కదలవు,
తనకి కావలసిన గట్టి కొవ్వుని
కోడి తనే వండుకుంటుంది.
అవిసె తిన్నదానికి ఒమేగా త్రీ
మిట్టలా లేస్తుంది.
చేప తిన్నదాని గుడ్డు ఇంట్లో ఉడకబెడితే
మా ఆవిడ లేచి కిటికీ తీస్తుంది.

అయిదో వారం, మూడో వరసలో
అరవై ఒకటో నంబరు దారి తప్పింది.
అవిసె కొండ కుంగింది,
పక్కన ఇంకోటి ఎదిగింది.
షంషాద్ మేడం కళ్లద్దాలు పైకి తోసి
"మిషను కడిగారా?" అన్నారు.
కడిగాను. మళ్లీ ఎక్కించాను.
మళ్లీ అదే కొండ.

ఆ కొండ నాకు తెలుసు.
మా నాయన పాకాలలో గానుగ ఆడేవాడు.
ఎన్ని సార్లు ఉతికినా ఆయన చొక్కాలోంచి
శెనక్కాయ పోయేది కాదు.
మా ఇంట్లో కుండలో నీళ్లకి కూడా
ఆ వాసనే.

మర్నాడు తెల్లారకముందే వెళ్లి
దాణా మూటల వెనక నిలబడ్డాను.
చెంగమ్మ కొంగు ముడి విప్పింది.
వేయించని శెనక్కాయలు, ఒక్కొక్కటే చిదిపి
అరవై ఒకటి ముందు పెడుతోంది.
"తినవే తల్లీ, ఎవురూ చూళ్లేదులే."

నన్ను చూసి దాచుకోలేదు.
"ఆ అవిసె వాసనకి ముక్కు తిప్పుకుంటా వుండె సార్,
సగం తొట్టి మిగిల్చేది.
పది దినాలే, పిడికెడే పెట్టినా."
పది రోజులే.
పచ్చసొన పొరమీద పొరగా కట్టుకోడానికి
సరిగ్గా అన్నే రోజులు.

ఎట్లా కనుక్కున్నారంటే
కాగితం తీసి చూపించాను.
వేలితో ఆ శిఖరాన్ని తాకి చూసింది,
కాలుతుందేమో అన్నట్టు.
"నేను పెట్టింది గుడ్డు చెప్పేసిందా!"
భయపడుతుందనుకున్నా.
నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది,
చాడీ చెప్పిన చంటిదాన్ని చూసి నవ్వినట్టు.

నవ్వు ఆపి అడిగింది:
"మా యమ్మ నన్ను మోసేటప్పుడు కరువంట సార్.
చింతగింజలు ఉడకేసుకొని తినిందంట.
అదీ ఎక్కడన్నా రాసుంటాదా నాలో?"

నా దగ్గర ఉన్న మిషను
గుడ్లకి మాత్రమే.

మేడంకి చెప్పాను, పేరు చెప్పకుండా.
అరవై ఒకటి లెక్కలోంచి పోయింది,
ఎర్ర పెన్నుతో ఒక అడ్డగీత.
ఆ కోడి ఇప్పుడు షెడ్డు బయట తిరుగుతోంది,
దొరికిందల్లా ఏరుకొని తింటూ.
ఇవాళ పొద్దున గడ్డివాము పక్కన పెట్టిన గుడ్డు
ఇంకా వెచ్చగానే ఉంది నా చేతిలో.

యాభై ఎనిమిది గ్రాములు.
పగలగొట్టలేదు.