నల్లమెట్లు ఐదు

ఎర్రగుంట్ల బస్టాండు వెనక, సైకిల్ షాపుకూ
టీ బంకుకూ నడుమ ఒక రేకుల కొట్టు.
బస్సు పంచరైన ఆ పొద్దు
టైరు మార్చేదాకా నీడకని దూరినా.

లోపల దూదేకుల ఉసేనప్ప.
అన్నలు ముగ్గురూ గుళ్లో నాదస్వరం,
ఈయన మాత్రం ఊపిరి చాలక
తిత్తుల పెట్టె పట్టినాడు.
నాటకాలోళ్ల హార్మోనియం ముందర పడుండాది,
తెల్లమెట్లన్నీ ఊడదీసి పేపరు మీద పరిచినాడు.
మిగిలినవి నల్లవే,
రెండు ఒక జట్టు, మూడు ఒక జట్టు,
మా ఇంటి వాకిట్లో నాపరాళ్ల మాదిరి.

రెండు రీడ్లు ఒకేసారి మోగించినాడు.
వ్వా... వ్వా... వ్వా...
గుట్ట ఎక్కుతాండే లారీ మాదిరి.
"వినపడతాందా కొట్లాట?"
ఇత్తడి నాలికను ఆకురాయితో ఒక్క గీకు గీకినాడు.
వ్వా........ వ్వా
ఇంకొక్క గీకు.
కొట్లాట ఆగిపాయె.
ఇద్దరు మొండోళ్లు ఒకే మాట మీదికొచ్చినట్టు
కొట్టంతా ఒక్కసారి వెడల్పయింది.
"సా, పా. వీటి నడుమ దూరం ఇదీ.
స్వరాన్ని ఎవరైనా వింటారు మ్మా,
సందు వినల్ల."

సందు సంగతి నాకు చెప్పల్లనా?
పదకొండేండ్లు కండక్టరు పని.
కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి.
ఊర్లు నేనెప్పుడూ అమ్మలేదు,
ఊరికీ ఊరికీ నడుమ ఉండేదాన్నే
చించి ఇచ్చినా.

అదే మాటంటే నవ్వినాడు.
పెట్టె నా దిక్కు తిప్పి,
"ఐదే ఉండాయి, వాయించు.
తప్పు పోదామన్నా దోవ లేదు."
మూడిట్లో మొదటిది సా అన్నాడు.
మూడు, ఒక ఎగురు, రెండు, ఇంకో ఎగురు.
ఇంటిబెల్లు కొట్టిన ఇస్కూలు మాదిరి
స్వరాలు బయటికి ఉరికినాయి.
"మోహన," అన్నాడు.

తర్వాత మూడో నల్లమెట్టు సందున
అగ్గిపుల్ల దూర్చి, అది ఎడతెగక మోగేట్టు చేసినాడు.
"ఇప్పుడు ఇది సా. ఇక్కణ్ణుంచి పో."
అవే ఐదు. అవే నా వేళ్లు.
అయినా కొట్టులో పొద్దు గూకింది.
టీ బంకు పిల్లోడు గ్లాసులు కడిగేది ఆపినాడు.
"ఏ మెట్టు మార్చినావు?"
"ఏదీ మార్చలా. నిలబడే చోటు మార్చినా.
ఇది హిందోళం.
గ్రహభేదం అంటారు దీన్ని."
"గ్రహాలా? మా అమ్మ జాతకం చూపిచ్చినప్పుడు
ఆయప్పా ఇదే మాటన్నాడు, నూటపదార్లు తీసుకొని."
ఉసేనప్పకు టీ పొలమారింది.

"ఔ గానీ, నా రోడ్డుకు ఆ కొస ఉండాది.
నీ సా ఏంది, పైకి పోయి మళ్లా సా అయితాది?"
"రాత్రికి బస్సు యాడ పెడతారు?"
"డిపోలో."
"పొద్దున బయల్దేరింది?"
"డిపోలోనే."
"అదే డిపో. కాకపోతే లైట్లు వేసుంటారు."

డ్రైవరు ఓబుళరెడ్డి హారన్ కొట్టినాడు.
అగ్గిపుల్ల ఇంకా తీయలా. బస్సు కదిలినాక గూడా
ఆ మెట్టు కొంతదూరం వెంటొచ్చింది.

ఆ వేసవిలో నన్ను తాడిపత్రి డిపోకేసినారు.
నేనడగలా, అడిగినా వినేటోళ్లు లేరు.
అదే రోడ్డు. అవే సిమెంటు పొగగొట్టాలు,
గేటుకాడ అదే దోసకాయల గంప.
అయితే ఇన్నేండ్లు వీపున పడిన పొద్దుటెండ
ఇప్పుడు ముఖాన కొడతాంది.
ఎక్కేటోళ్లు దిగేటోళ్లయినారు.
ఆఖరు ఊరు మొదటిదాయె.
నాలుగు దినాలు అన్నం పోలా.
రాగమనుకుందామంటే రోడ్డు రాగం కాదు,
సందులు మాత్రం అవే,
కిలోమీటరు రాళ్లు చెప్తానే ఉండాయి.

ఐదో దినం, ముద్దనూరుకని ఒక ముసలాయన.
మిషను గుర్రుమనేలోపే
నా నోరు పాత రేటు చెప్పింది.
ఆయన లెక్కపెట్టిన నోట్లు వెనక్కి లాక్కొని
"అది కడప నుంచి లెక్క కదమ్మా," అన్నాడు.
"నువ్విప్పుడు యాడుండావు?"

కాళ్ల కింద ఇంజను
ఒకటే స్వరం మీద మోగుతాంది.
"తాడిపత్రి," అన్నా,
కొంచెం ఆలస్యంగా.