ఉసిరు

తెల్లారుజాము మూడింటికి, కె.ఆర్. మార్కెట్లో
చామంతి గోతాం మూతి విప్పుతుంది ఓబుళమ్మ.
పుప్పొడి లేస్తుంది.
ఛాతీలో పిల్లికూతలు మొదలు.

"ఎవరి ఉసురో తగిలిందే నీకు"
అనేది అత్త. పదకొండేళ్లు అదే మాట.
ఎవరిదా అని వెతుక్కునేది తనూ,
అందరి మొహాల్లో.

విక్టోరియా ఆసుపత్రిలో కన్నడ డాక్టరమ్మ
నీలం పంపు ఊపి, పీల్చి చూపించి
"ఉసిరు హిడ్కొళ్ళి" అంది,
వేళ్ల మీద పది లెక్కపెడుతూ.

ఇక్కడ ఉసిరంటే
ఊపిరేనట.
అంతేనట.

ఇప్పుడు రొంటిన పంపు,
చిల్లర సంచి పక్కనే.
బేరం మధ్యలో ఒక్క పీల్పు.
పది మూరలు కొలిచేదాకా
పెదవి విప్పదు.

"ఏం పొగరమ్మా!" అంటాడు కొనేవాడు.

వదిలి,
చేదు మింగి,
"మూర నలభై" అంటుంది.