పొద్దున్నే ఒక మాట

పన్నెండేళ్లుగా మెల్‌బోర్న్‌లో ట్రామ్ నడుపుతున్నాను.
ట్రామ్‌కి స్టీరింగ్ ఉండదని
చాలామందికి తట్టదు.
చేతి కింద ఒక మీట, కాలి కింద గంట.
ఎటు తిరగాలో ఎప్పుడో ఎవరో
ఇనుముతో రాసి రోడ్డులో పాతేశారు.
బండూరా నుంచి డాక్‌ల్యాండ్స్,
డాక్‌ల్యాండ్స్ నుంచి బండూరా.
దారిలో వంపులు లేక కాదు,
ఒక్కటీ నాది కాదు.

అందుకే కొన్నాను.
యాభై దాటాక,
ఇద్దరు పట్టే, చెప్పులపెట్టెంత కారు.
పేరు కాపుచినో.
ఈ ఊళ్ళో ఆ పేరు పెట్టి పిలిస్తే కప్పు తెచ్చిస్తారు.

ఒసాకా వేలంలో
నా తరఫున ఎవరో మీట నొక్కారు.
కారుకన్నా ముందు దాని జాతకం వచ్చింది.
కాగితం మీద కారు బొమ్మ,
చీల్చి ఆరబెట్టిన చేపలా.
గీత ఎక్కడ, సొట్ట ఎక్కడ, తుప్పు ఎక్కడ,
అన్నిటికీ అక్షరాలూ అంకెలూ.
మొత్తం మీద మూడున్నర మార్కులు.
మా పెళ్లిచూపుల్లో
రెండు వైపులా కలిపినా ఇంత నిజం లేదు.

ఓడలో నాలుగు వారాలు.
రేవులో ఇంకో ఐదు.
రాతినార ఉందేమోనని
బ్రేకుల్లోంచి, గాస్కెట్లలోంచి
గోరంత గోరంత గీకి పరీక్షకి పంపారు.
బిల్లు నాకు పంపారు.
పురుగులున్నాయేమోనని పొగబెట్టారు.
అద్దం కింద, వైపర్ సందులో
ఒక ఎండుటాకు దొరికిందట,
ఐదు వేళ్ల ఆకు.
సంచిలో వేసి, సీలు వేసి, కాల్చేశారు.
దానికీ ఒక రసీదు.
అది మాత్రం దాచుకున్నాను.

థామస్‌టౌన్ షెడ్డులో స్టావ్రోస్
కారుని పైకెత్తి, కిందనుంచి టార్చి కొట్టి
చాలాసేపు మాట్లాడలేదు.
"మంచు రోడ్ల ఉప్పు. అడుగంతా తినేసింది."
ఉప్పు తిన్నది విశ్వాసంగా ఉంటుందిలే, అన్నాను.
తెలుగులో అన్నాను.
అతను గంభీరంగా తలూపాడు.

తాళం తిప్పిన మొదటి పొద్దున
డాష్‌బోర్డు లోపలినుంచి ఒక ఆడగొంతు.
మెత్తగా, మర్యాదగా, ఒకే ఒక్క వాక్యం.
ఉలిక్కిపడి వెనక సీటు వైపు చూశాను.
వెనక సీటే లేదు.

ఇక రోజూ అదే మాట.
తెల్లవారుజామున నాలుగున్నరకి
వీధంతా ముసుగుతన్ని పడుకుని ఉండగా
నాతో మాట్లాడే మొదటి మనిషి.
జాగ్రత్తగా వెళ్లిరా అంటోందనుకున్నాను.
స్వెట్టర్ వేసుకున్నావా అంటోందనుకున్నాను.
బ్లడ్ రిపోర్టు వచ్చిన మర్నాడైతే
ఏం కాదులే, అంది.
స్పష్టంగా విన్నాను.
సరే తల్లీ, అనడం అలవాటైపోయింది.

డిపోలో కొత్తగా చేరింది హిసాయే.
స్టేషన్ దాకా దింపుతానని ఎక్కించుకున్నాను.
తాళం తిప్పాను. గొంతు పలికింది.
హిసాయే నవ్వాపుకుంది.
"టోల్ కార్డు పెట్టలేదు, అంటోంది."
అంతేనా?
"అంతే."

రెండేళ్లు.
ఆ గేట్లన్నీ సముద్రానికి అవతల.
ఆ కార్డు ఏ ఊళ్ళో ఎవరి సొరుగులో ఉందో.
రిపోర్టు నాడు నాకు ధైర్యం చెప్పింది
మరి ఎవరు?

రెండు వైర్లు కత్తిరిస్తే నోరు మూస్తుందన్నాడు స్టావ్రోస్.
కటింగ్ ప్లేయర్ చేతిలో పట్టుకునే అన్నాడు.
వద్దన్నాను.

ఆదివారం కింగ్‌లేక్ కొండదారి ఎక్కాను.
యూకలిప్టస్ బెరడు రోడ్డు మీద పొరలు పొరలుగా.
మలుపు వచ్చింది.
నేను తిప్పాను. అది తిరిగింది.
ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అంటారు
పట్టాల మీద బతకనివాళ్లు.
పైదాకా వెళ్లి, కిందికి దిగి,
మళ్లీ ఎక్కాను.

ఇవాళ నాలుగున్నర.
అద్దం మీద మంచు గీకి, కూర్చుని, తాళం తిప్పాను.
చెప్పింది.
లేదమ్మా, పెట్టలేదు, అన్నాను.
పద.