తీగ కత్తెర

"పళ్ళకి కూడా నైట్ డ్యూటీ ఉంటుందా?"
క్యాజువాలిటీలో కొత్త హౌస్ సర్జన్ నవ్వుతాడు.
ఉంటుంది బాబూ.
నేను చూసేది పన్నుని కాదు, పన్ను నిలబడ్డ గట్టుని.
గట్టు తెగితే ఏమవుతుందో
ఈ లంకల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

బీడీఎస్ అవగానే బోర్డు కట్టేస్తాననుకున్నారు నాన్న.
రావులపాలెంలో షట్టరు చూసి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.
ఇంకో మూడేళ్ళు అనేసరికి
అరటి గెలల లెక్క కట్టే వేళ్ళతోనే
ఎనిమిదేళ్ళని ముప్పై రెండు పళ్ళకి పంచి,
"పన్నుకి మూడు నెలలా!" అన్నారు.
భాగారం తప్పలేదు.

రెండో ఏడు.
మత్తు విభాగంలో గొంతులోకి గొట్టం దించడం నేర్చుకున్నాను.
సర్జరీ వార్డులో ఎవరి పొట్టనో కొక్కెంతో పట్టుకుని
మోకాళ్ళు వణికేదాకా నిలబడ్డాను.
స్టైపెండు రెండు నెలలు బాకీ.
లాగ్ బుక్కులో మూడు గళ్ళు:
చూసినవి, సాయం చేసినవి, చేసినవి.
మూడోది ఇంకా తెల్లగానే ఉంది.

ఆ రాత్రి గుత్తుల ఏడుకొండల్ని ఆటోలో తెచ్చారు.
కొబ్బరి దింపు. సగం దిగాక కాళ్ళ బందం జారింది.
గడ్డం మీద వేలెడు చీలిక,
నాలుగు కుట్లేసి పంపేద్దామన్నారు.
నోరు మూయమన్నాను.
మూశాడు. ముందు పళ్ళు కలవలేదు,
మధ్యలోంచి నాలుక కనిపిస్తోంది.

గడ్డం మీద పడ్డవాణ్ణి చెవుల దగ్గర వెతకమంటారు మా సారు.
వెతికాను.
ఫిల్ములో రెండు చెవుల ముందూ
ఎండు ఈనెల్లా విరిగి ఉంది ఎముక.
దెబ్బ తిన్నచోటే విరగాలని
దవడకి రూలేం లేదు.

తెల్లారేదాకా తీగ.
పన్ను చుట్టూ తిప్పి, మెలిపెట్టి, కొస లోపలికి మడిచి,
పై దవడనీ కింది దవడనీ కలిపి కట్టేశాం.
మూడు వారాలు నోరు తెరవకూడదు.
గంజి, మజ్జిగ, స్ట్రాతో కొబ్బరి నీళ్ళు.
ఆ మాటకి తీగల వెనక నవ్వబోయి
చేత్తో గడ్డం పట్టుకున్నాడు.

ఇంటికెళ్ళే రోజు
ఆవిడ నూకరత్నం చేతిలో తీగ కత్తెర పెట్టాను.
"వాంతొచ్చినా, ఊపిరాడకపోయినా
నాకు ఫోన్ చెయ్యొద్దు, పంటు కోసం రేవుకి పరిగెత్తొద్దు.
మీరే కత్తిరించెయ్యాలి.
నిలువు తీగలు నాలుగు. అడ్డం తీగ జోలికెళ్ళొద్దు."
భర్త పెదవి ఎత్తి, చూపుడు వేలితో తాకుతూ లెక్కపెట్టింది.
మళ్ళీ కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది.
"కరెంటు పోతేనోనండి?" అంది.

ఏ వైవాలోనూ ఎవరూ నన్నడగలేదు ఆ ప్రశ్న.
నేనూ కళ్ళు మూసుకున్నాను.
ఏడుకొండలు పాపం
ఇద్దరి వేళ్ళకీ నోరప్పగించి కూర్చున్నాడు.

తరవాత వారమంతా ముసురు.
పంటు ఆపేశారని ఎవరో అంటే
పడుకున్నదాన్ని లేచి
మోగని ఫోన్ తిప్పి తిప్పి చూశాను.

ఇరవై రెండో నాడు వచ్చారు. తీగలు నాలుగూ ఉన్నాయి.
నూకరత్నం కళ్ళ కింద చారలు.
"రాత్రుళ్ళు రొంటినే దోపుకుని పడుకున్నానండి,
ఈయన గురక మారితే చాలు, చెయ్యి దాని మీదికే పోయేది."
తీగలు విప్పాను.
ఆయన ముందు మాట్లాడలేదు,
ఆవులించాడు. వంకరగా, నెమ్మదిగా,
మూడు వారాల బాకీ తీర్చుకున్నట్టు.
అప్పుడన్నాడు, "గంజిలో ఉప్పెక్కువేసేదండి."
"ఆయ్, నోరొచ్చింది!" అందావిడ.

కత్తెర ఆవిడ రొంటినే వెళ్ళిపోయింది.
థియేటర్ సిస్టర్ రిజిస్టర్ తిరగేసి
నా స్టైపెండులోంచి కోయిస్తానంది.
రాని డబ్బు. కొయ్యమన్నాను.

నిన్న రాత్రి వార్డులో కరెంటు పోయింది.
జనరేటరు అందుకోడానికి తొమ్మిది సెకన్లు.
ఆ చీకట్లో నా వేలు
నా పెదవి లోపలికే వెళ్ళి
ఒకటి, రెండు, మూడు అని
లేని తీగల్ని తడుముకుంటోంది.