రెండో గాలి

పొగంటే ఏమిటనుకున్నారు?
కాలాల్సింది కాలకుండా
గొట్టంలోంచి తప్పించుకుపోయిన కట్టె.
ఇరవై రెండేళ్ళు జూటుమిల్లు బాయిలరు ముందు
చెమటోడ్చి నేర్చుకున్న పాఠం ఇదొక్కటే.
చిమ్నీ కొస నల్లబడితే చాలు
సూపర్వైజరు మెట్ల మీంచి కేకేసేవాడు
బొగ్గు కాదురా, బోనస్సు ఎగిరిపోతోందని.
నేను డంపరు పలక వేలెడు లాగేవాణ్ణి.
నలుపు బూడిదరంగయ్యేది,
బూడిదరంగు ఆకాశంలో కలిసిపోయేది.

మిల్లు గేటుకి తాళం పడ్డాక
నెల్లిమర్లలో, మా పెరట్లో,
తొలిసారి పీట వేసుకుని చూశాను
మా రాగి బాయిలర్ని.
బుడితి కంచరి సుత్తిదెబ్బలు
ఇంకా లెక్కపెట్టొచ్చు దాని పొట్ట మీద.
పారమ్మ ఊదుగొట్టం పట్టుకుని
తడిసిన సరుగుడు కర్రతో తగువు పడుతోంది,
కళ్ళు జీడిమామిడి పళ్ళలా ఎర్రబడి.

ఇరవై రెండేళ్ళు
మిల్లువాడి పొగని తెల్లబరిచి వచ్చి
ఈ వేన్నీళ్ళే పోసుకున్నాను.
ఎవరు కాచారో తెలుసు.
ఎలా కాచారో అడగలేదు.

సరే, విప్పాను.
నడిమి గొట్టం నిండా మసి,
పిచ్చుక దూరేంత సందు మిగిలింది.
నాలుగు దోసిళ్ళు గీకి పోశాను.
జల్లెడ కింద జానెడు జాగా ఇచ్చాను
బూడిద గాలికి అడ్డం పడకుండా.
పాత ఇటుకలు, బంకమన్ను, ఊక
కలిపి చుట్టూ గోడ కట్టాను.
ముందు మంట తను వేడెక్కాలి,
నీళ్ళ సంగతి ఆ తరవాత.
పాడైన పంపుగొట్టం ముక్కకి
కోటేశు వెల్డింగు కొట్లో
పన్నెండు చిల్లులు కొట్టించాను.
కింద నుంచి దూరేది మొదటి గాలి,
అది కట్టెని అంటిస్తుంది.
మంట మెడ దగ్గర, వేడెక్కి వచ్చేది రెండో గాలి,
అది పొగని అంటిస్తుంది.

మొదటి రోజు పరువు పోయింది.
మంట రైలింజనులా అరిచింది,
నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు.
పారమ్మ బకెట్టులో వేలు పెట్టి చూసి
"మిల్లు ఎందుకు మూసేసినారో
ఇప్పుడు తెలిసినాది" అంది.

గాలి ఎక్కువైనా మంటకి చలేస్తుంది.
బంకమట్టి ఉండలు చేసి
ఒక్కో చిల్లూ మూసుకుంటూ వచ్చాను.
పన్నెండులో అయిదు మిగిలాయి.
నడిమి గొట్టంలోకి
మెలితిప్పిన ఇనప బద్ద దించాను.
వెళ్ళొస్తానని లేచి
గుమ్మం దగ్గర మరో గంట కబుర్లాడే చుట్టంలా
వేడి కాస్త ఆగి వెళ్తుందని.

మూడోవారం, మంచు దిగిన తెల్లారగట్ల,
మూడంటే మూడు సరుగుడు పేళ్ళు,
బొటనవేలంత సన్నగా చీల్చి ఎండబెట్టినవి.
నారింజ పోయి పసుపు,
పసుపు అంచున నీలం,
చప్పుడు చెయ్యకుండా నిలబడింది మంట.
తలెత్తి చూశాను.
గొట్టం కొస మీద గాలి వణుకుతోంది, అంతే.
పొగ లేదు.
ఎందుకో సూపర్వైజరు గుర్తొచ్చాడు.
బతికున్నాడో లేదో.

ఇంతలో పక్కింటి దాలమ్మ
దుప్పటి కప్పుకుని పరుగున వచ్చింది.
"ఏటి పారా, ఒంట్లో బాగునేదేటి?
పొయ్యి రాజెయ్యనేదు?
నీ పొగ సూసి గదా నాను లెగిసేది!"

మర్నాటి నుంచీ పారమ్మ
బాయిలరు అంటుకోగానే
పచ్చి చింతమండ ఒకటి పైనుంచి పడేస్తోంది.
ఒక్క పోగు పొగ
దాలమ్మ పెంకుల మీదికి వంగి
విడిపోతుంది.

సగం పేడు వేడి దండగ.
లెక్క నాకు తెలుసు.
వేపపుల్ల నములుతూ
అటు తిరిగి నిలబడతాను.