ఘాటు

చేతి వణుకు తర్వాత వచ్చింది.
ముందు పోయింది ఘాటు.

గుంటూరు యార్డులో టిక్కీ విప్పితే
తేజానో బ్యాడిగో
కళ్ళు మూసుకునే చెప్పేవాడు నాగుల్‌మీరా.
ఓ ఏప్రిల్లో మేమంతా తుమ్ముతుంటే
తనొక్కడే తుమ్మలేదు.
"మిరపకాయే వీడికి భయపడింది" అని నవ్వాం.

ఏడేళ్ళకి కొత్తపేట డాక్టరమ్మ
వేళ్ళ వణుకు పక్కనబెట్టి
వాసన ఎప్పుడు పోయిందని అడిగింది.
కొందరికి ఈ జబ్బు
మెదడు లోపలికి రాకముందే
ముక్కు దగ్గర చెప్పులు విడుస్తుందట.
ఆ చెప్పులు మేం చూళ్ళేదు.

తను మాత్రం లెక్క కట్టుకున్నాడు:
చిన్నదాని నిఖా రోజు
బిర్యానీ డేగిసా మూత తీసినా
ముక్కుకేం అందలేదు.

ఇప్పుడు కాయని చెవి దగ్గర పట్టుకుంటాడు.
చెయ్యి దానంతటదే ఆడిస్తుంది,
లోపల గింజలు గలగలమంటాయి.
"తేజా," అంటాడు.
పదింట ఏడుసార్లు
తేజాయే.